పాతర వేయుట

తెలుగు వాచకము చెప్పుచు ఒకనాడు మా తరగతిలో 'పాతర వేయుట' అను పలుకుబడికి అర్థము వ్రాయుడని పిల్లల నడిగితిమి. నలువది మందిలో ముప్పది తొమ్మండుగురు 'నాశనము చేయుట' అనియో, 'చంపి పూడ్చుట' అనియో వ్రాసిరి. వారిని తప్పుపట్ట వీలులేదు. వాగ్దానములకు పాతర, న్యాయమునకు పాతర, నియమములకు పాతర అని పత్రికలు నిత్యము వ్రాయుచున్నవి. జమ్మలమడుగు చెంత నొక పల్లెనుండి వచ్చు బాలిక మాత్రము 'జాగ్రత్తగా దాచిపెట్టుట' అని వ్రాసినది. నీ కెట్లు తెలిసినదని యడుగగా, "మా అవ్వ అట్లే అంటాది సార్" అని చెప్పి తల వంచుకొన్నది.

రెండు తరముల నడుమ ఒక మాట తలక్రిందులైనది. అవ్వకు భద్రపరచుటయైనది మనుమరాలి తోడివారికి రూపుమాపుట యైనది. మాటలు ఊరక మారవు. మాట వెనుక నున్న వస్తువు వాడుకనుండి తొలగినపుడు మాట ఒంటరియై, తనకు దొరకిన క్రొత్త యర్థమును పట్టుకొని వ్రేలాడును. ఆ వస్తువు ఏది, అది యెట్లు బ్రదికెను, ఎట్లు పోయెను, పోయినందువలన మనకు కలిగిన లాభనష్టము లెట్టివి అని విచారించుటయే మా యుద్దేశము.

ఒక వస్తువును కాపాడుటకు దానిని కంటికి మఱుగు చేయుట అను తెలివి ఒక్క దేశమునకు చెందినది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున మెండోటా సరస్సు అడుగునుండి 2021లో సుమారు 1,200 ఏండ్లనాటి దోనె నొకదానిని, 2022లో సుమారు 3,000 ఏండ్లనాటి దోనె నింకొకదానిని శాస్త్రజ్ఞులు వెలికిదీసిరి. రెండును ఒంటిమ్రాను తొలిచి చేసినవి. అచ్చటి చలికాలమున సరస్సులు గడ్డకట్టును. ఒడ్డున విడిచిన దోనె మంచుకును ఎండు గాలికిని బీటలువాఱి వంకరపోవును. అందుచే ఆ ప్రాంతపు ఆదిమవాసులు చలి ముదురుటకు ముందే దోనెలను లోతు తక్కువ నీటిలో ముంచి దాచి, వసంతము రాగానే మరల పైకెత్తెడివారని పండితులు ఊహించుచున్నారు. ఏ కారణముననో పైకెత్తవలసినవారు రాకపోయిరి. దోనెలు మాత్రము బురద మాటున నేటిదాక నిలిచినవి.

మన సీమలో చలికాలము పడవకు శత్రువు కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములకు పెన్నయు, చిత్రావతియు, పాపఘ్నియు ఏఱులే గాని, ఏడాదిలో పెక్కు నెలలు వానిలో కనబడునది ఇసుకయే. ఏఱు పాఱిన దినములలో దాటుటకు పుట్టి యుండెడిది. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రని బుట్ట యిది. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్ తుంగభద్రపై నిట్టి పడవలను చూచి, అవి పదునైదు ఇరువది మందిని మోయుననియు, తిన్నగా సాగక గిరగిర తిరుగుచు పోవుననియు వ్రాసికొన్నాడు. ఏఱు ఎండిన తోడనే పుట్టి ఒడ్డెక్కును.

తెలుగులో పుట్టి యనగా పడవయే గాదు. ఇరువది తూముల ధాన్యమును గూడ పుట్టి యనియే యందుము. రెంటిని ముడిపెట్టి వ్యుత్పత్తి కల్పింప మేము పూనుకొనము. కాని యీ సీమవారి బ్రదుకును చూచినపుడు ఒక పోలిక తోచక మానదు. ఇచ్చట మనుష్యుడు దాటవలసిన యేఱు పెన్న కాదు, వానలేని యేడు. ఆ యేటిని దాటించునది జొన్నల పుట్టి. దానిని చెడకుండ దాచిన తావే పాతర.

కడప జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. సగటు అను మాట ఇచ్చట మోసకారి. ఒక యేడు మించి కురియును, మఱుసటి యేడు మబ్బు వచ్చి మళ్లిపోవును. పెన్న కిరుప్రక్కల నున్న నల్లరేగడి తడిని చిరకాలము పట్టియుంచును గనుక వెనుకటి వానలకు విత్తిన జొన్న మంచు కాలమున ఎదిగి చేతికి వచ్చెడిది. పండిన యేడు ఇల్లు పట్టనంత పండును. పండని యేడు విత్తులు గూడ దక్కవు. ఇట్టి నేలపై కాపురముండువానికి పండించుట సగము విద్య. పండినదానిని రెండు మూడేండ్లు నిలుపుట మిగిలిన సగము.

పాతర త్రవ్వుటకు రేగడి చేను పనికిరాదు. రేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును, తడిని వదలదు. కావున ఊరిలో మిట్టగా నుండి నీరు నిలువని గరుసు నేలను చూచి, ఇంటి ముంగిటనో, దొడ్డిలోనో, వీథిలోనో గుంత తీసెడివారు. పైన మనిషి దూరునంత మూతి. క్రిందికి పోనుపోను బాన కడుపువలె వెడల్పు. లోపల చెత్త కాల్చి గోడల చెమ్మను పోగొట్టుదురు. అడుగునను అంచులను ఎండిన చొప్పనో గడ్డినో దట్టముగా పఱచి, బాగుగ ఎండబెట్టిన జొన్నలను మూతి దాక పోసి, మీద మరల గడ్డి కప్పి, బండ మూసి, మన్ను మెత్తుదురు. వాననీరు జాఱిపోవునట్లు ఆ మన్నును కొంచెము ఎత్తుగా దిమ్మెవేయుదురు. పని ముగిసిన వెనుక పిల్లలు దానిమీద ఆడుకొందురు. పశువులు దానిపై నడచును. తెలియనివాడు చూచిన అది వట్టి వాకిలి.

ఇందులోని కీలకము గాలి. గింజ చచ్చిన వస్తువు కాదు. అదియు మెల్లగా ఊపిరి తీయును. గింజయు, దానితో లోనికి పోయిన పురుగును కలిసి పాతరలోని ప్రాణవాయువును కొన్ని వారములలో హరించివేయును. బదులుగా బొగ్గుపులుసు వాయువు నిండును. అంతట పురుగు తనంత తానే చచ్చును, బూజు పెరుగుట తగ్గును, గింజ నిద్రపోవును. మందు చల్లలేదు, మంత్రము వేయలేదు. లోపలి గాలిని బయటికి, బయటి గాలిని లోపలికి పోనీయకుండుటయే చికిత్స. ఎండ చాలని గింజను పోసినను, గోడలో చెమ్మ యూరినను అంతయు ముక్కిపోవును గనుక, ఈ యొక్క పనిలో రైతు తొందరపడెడివాడు కాడు.

ఇది మనము మాత్రమే కనుగొన్న విద్య యని గర్వింప నక్కఱలేదు. క్రీస్తుకు పూర్వము 37లో రోమను పండితుడు వారో రచించిన వ్యవసాయ గ్రంథములో కప్పదోకియ, త్రేసు, స్పెయిను దేశముల ధాన్యపు గుంతలు చెప్పబడియున్నవి. గాలియు తడియు తగులని గుంతలో గోధుమలు ఏబది యేండ్లును, చిరుధాన్యములు నూఱేండ్లకు పైనను నిలుచునని అతడు వ్రాసెను. లెక్కలో కొంత అతిశయము ఉండవచ్చును, సూత్రము సరియైనదే. ఇటలీలో ఫోజ్జా ప్రాంతమునను, మాల్టా ద్వీపమునను ఇట్టి గుంతలు నేటికిని చూపఱకు కానవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఓడలు దొరకక ధాన్యము పేరుకొనిపోగా అర్జెంటీనావారు నేలలోనే గాలి చొరని పెద్ద కొట్లు కట్టి దాచిరి. మన పొరుగున మైసూరు సీమలోను రాగులకు ఇట్టి పాతర లుండెడివి.

మన శాస్త్రములు ధాన్యపు నిలువను గూర్చి రెండు విధములుగ చెప్పినవి. మనుస్మృతి బ్రాహ్మణ గృహస్థులను వారు నిలువచేసికొను ధాన్యమునుబట్టి నాలుగు తరగతులుగ విభజించి, కొట్టు నింపుకొన్నవానికంటె రేపటికి సయితము ఉంచుకొననివానినే శ్రేష్ఠునిగ నెంచినది. కౌటిల్యుని యర్థశాస్త్రమో, రాజు కొట్టులోని సామగ్రిలో సగము జనపదముల యాపదకై తీసి యుంచవలెననియు, క్రొత్తది వచ్చినపుడు పాతదానిని మార్చుచుండవలెననియు విధించినది. రేపటికి దాచుకొననివాడు శ్రేష్ఠుడగుటకు, వానికి రేపు పెట్టునట్టి యితరుడు దాచియుండవలెను గదా! ఆ యితరుడే మన రైతు. శ్రేష్ఠుల లెక్కలో ఆతని పేరు లేదు.

రాజు దాచిన తీరునకును రైతు దాచిన తీరునకును సాక్ష్యము జమ్మలమడుగు చేరువనే కలదు. గండికోటలోని ధాన్యాగారము మందమైన రాతిగోడలతో, కమాను కప్పుతో నేటికిని ఠీవిగ నిలిచియున్నది. పెమ్మసానివా రేలిన ఆ కోట 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమయ్యెను. రెండేండ్లకు అచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆ కోటను గూర్చి వ్రాసియున్నాడు. కోట చేతులు మాఱిన దినముననే కొట్టులోని గింజయు చేతులు మాఱును. పల్లెలోని పాతర కట్లు కాదు. దండు వచ్చినను, దోపిడిగాండ్రు వచ్చినను, ఏ వాకిట ఏ మన్ను క్రింద ఏమున్నదో వారెఱుగరు. క్రీ.శ. 98 ప్రాంతమున టాసిటస్ అను రోమను చరిత్రకారుడు జర్మను తెగలవారి నేలగుంతలను వర్ణించుచు, శత్రువు పైనున్నదానిని దోచుకొనిపోవును గాని క్రిందనున్నదానిని కనుగొనలేడను ధోరణినే వ్రాసెను. విజయనగరము పడిన వెనుక సుల్తానులు, నవాబులు, మరాఠాలు, హైదరాలీ, పాళెగాండ్రు ఒకరివెంట నొకరు త్రొక్కిన సీమ యిది. 1800లో నిజాము దీనిని ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. 1807 వఱకు తామస్ మన్రో కలెక్టరుగ నుండి పాళెగాండ్ర నణచి, రైతువారీ శిస్తును పాదుకొల్పెను. అంతదాక రైతునకు కోట యనగా వాకిటి బండయే.

ఇంతవఱకు చెప్పినది పాతరకు స్తుతి. సంస్కారము కోరు పాఠకులకు దాని రెండవ ముఖమును గూడ చూపుట మా విధి.

పాతరను తెఱచినది మొదలు అది మృత్యుద్వారము. పురుగును చంపిన గాలియే మనిషిని చంపును. ఆ వాయువు మామూలు గాలికంటె బరువైనది గనుక బండ తొలగించినను లోతున నిలిచియే యుండును. అందుచే మూత తీసి చాలసేపు విడిచిపెట్టి, త్రాట కట్టిన దీపమును లోనికి దింపి, అది ఆఱిపోయిన దిగరాదని పెద్దలు చెప్పెడివారు. క్రొత్తగ తెఱచిన గుంతలో దిగినవారు ఊపిరాడక చచ్చిరని వారో గూడ తన గ్రంథమున హెచ్చరించెను. రెండు వేల యేండ్లనాటి రోములోను, మన పెన్న యొడ్డునను ఒకటే భయము, ఒకటే జాగ్రత్త. దీపము కూడ పూర్తిగ నమ్మదగినది కాదు. దీపము వెలుగుచుండగనే మనిషి తల తిరిగి పడిపోవునంత వాయువు లోన నుండవచ్చును.

మఱి ముందుగ దిగిన దెవరు? మా పెద్దలవలన వినినంతలో, పాతర యజమాని యొడ్డున నిలుచుండి త్రాడు పట్టుకొనువాడు. దిగువాడు జీతగాడు. తాను దించిన జొన్నలను తానే యెత్తి పోయును గాని, అందులో వానికి వచ్చునది వల్లము నిండ కూలి మాత్రమే. కఱవు నెలలలో అదే జొన్న వానికి నాగుకు దొరకును. అనగా ధాన్యమునకు ధాన్యమే వడ్డీ. ఈ యేటి యాకలికి పైయేటి పంటను తాకట్టుపెట్టవలెను. కావున పాతర యున్నయింటికి అది పుట్టి, లేనియింటికి అది ఉచ్చు. ఏటిని దాటించు పడవలో చోటు కొందఱికే యుండెను.

ఈ సంగతి లోకమునకు తేటపడినది 1876–78 నాటి ధాత కఱవులో. అప్పటికి రెండు క్రొత్త త్రోవలు ఈ సీమలోనికి వచ్చియుండెను. మొదటిది కర్నూలు–కడప కాలువ. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున పుట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు 1863 మొదలు 1870 వఱకు దీనిని త్రవ్వించిరి. సుంకేసుల కడ తుంగభద్రనుండి బయలుదేఱి ప్రొద్దుటూరు ప్రాంతముమీదుగ కడపదాక వచ్చు ఈ కాలువ సేద్యమునకే గాక పడవల రాకపోకలకు గూడ నుద్దేశింపబడినది. పుట్టి తప్ప మఱియొక పడవ నెఱుగని సీమకు సరకుల పడవలు వచ్చునని కంపెనీవారు కలగనిరి. కాని వేసవిలో తుంగభద్ర సన్నగిల్లగా కాలువయు సన్నగిల్లును. ఎండిన కాలువలో పడవ యేమి చేయును? రేగడి రైతులును మొదట ఆ నీటిని విరివిగ కోరలేదు. కంపెనీ నష్టములలో మునిగి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. పడవల కల తీఱలేదు గాని, కాలువ సేద్యమునకు నేటికిని ప్రాణాధారముగ నున్నది.

రెండవది రైలు. మద్రాసునుండి కడప, ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరుల మీదుగ సాగిన యినుపదారి 1871లో రాయచూరు కడ బొంబాయి రైలుతో కలిసెను. రైలు ధాన్యమును తెచ్చును, అట్లే కొనిపోవును. ఏ దిక్కునకు పోవలెనో నిర్ణయించునది ఆకలి కాదు, ధర. ఎచ్చటనో ధర పెరిగినదన్న వార్త తంతిమీద వచ్చినచో పాతర బండ కదలును. కఱవులో రైలుబండ్లు గింజను మోసికొని వచ్చినమాట నిజమే. కాని కొనుటకు కాసులేనివానికి స్టేషనులోని మూటలును, వాకిటి క్రింది జొన్నలును సమదూరముననే యుండెను. సర్కారు కఱవు పనులలో రాళ్లు కొట్టు మగవానికి సర్ రిచర్డు టెంపుల్ 1877లో నిర్ణయించిన దినకూలి ఒక పౌను గింజ, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా. ఇది మనిషి ప్రాణము నిలువ చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ పోరాడెను. లక్షలకొలది జనము సమసిరి. 1880లో కఱవు కమిషను నివేదిక వెలువడెను. 1883లో కఱవు నిబంధనలు పుట్టెను. ఆపదకై నిలువచేయుట ఒక్కొక్క యింటి తెలివికి విడువదగిన పని కాదని అంత పెద్ద మూల్యము చెల్లించి దేశము నేర్చుకొన మొదలిడెను.

అప్పటినుండి పాతర మెల్లమెల్లగ వెనుకబడెను. పత్తి, వేరుశనగ, శనగ రేగడిలోనికి వచ్చినవి. ఇవి యింట తినుటకు గాక, అంగడిలో అమ్ముటకు పండించు పంటలు. ప్రొద్దుటూరు ఆ వర్తకముతోనే పెరిగెను. జొన్నరొట్టెను, సంగటిని త్రోసి వరియన్నము పీటమీద కూర్చున్నది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చెను. 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చి మనిషికి నెలకు అయిదు కిలోల గింజను హక్కుగ పలికెను. కౌటిల్యుడు రాజు కొట్టులో చూపిన సగము పాలు ఎట్టకేలకు చౌకదుకాణము రూపమున వీథిలోనికి వచ్చినది. జీతగాని మనుమడు నేడు గింజకై యెవరి వాకిటను నిలువ నక్కఱలేదు. పాతర పోయినదని వగచువారు ఈ లాభమును మఱువరాదు.

అయినను పోయినదానిలో పోగూడనిది కొంత కలదు. ఒకటి, గాలిని మూసి గింజను కాపాడు జ్ఞానము. ఆఫ్రికాలో అలసందలను పురుగునుండి కాపాడుటకు 1980ల చివరినుండి శాస్త్రజ్ఞులు పొరలు పొరలుగ గాలి చొరని సంచులను సిద్ధపఱచిరి. మందు లేకయే పురుగు చచ్చునని లోకమంతయు మెచ్చుకొనుచున్నది. మన యవ్వలు ఆ సూత్రమును చొప్పతోను, బండతోను, మన్నుతోను నడపిరి. రెండవది, దీపము దింపు నీతి. మనిషిని దింపుటకు ముందు దీపమును దింపవలెనను ఆ చిన్న నియమమును గూడ మనము పోగొట్టుకొంటిమి. పాతరలు మూతపడినవి గాని, మురుగుగుంతలు తెఱచియున్నవి. వాయువు వేఱు, మరణ మొక్కటే. 2013 నాటి చట్టము నిషేధించినను, నేటికిని నగరములలో పేదవానినే ఏ రక్షణయు లేక ఆ గుంతలలోనికి దింపుచున్నారు. ఒడ్డున త్రాడు పట్టుకొన్నవాడు వేఱొకడు. అవ్వల నాటి జాగ్రత్త పోయి, అవ్వల నాటి యన్యాయము మాత్రము నిలిచినది.

తరగతిలో ఆ నాడు ముప్పది తొమ్మండుగురికిని, ఆ యొక్క బాలికకును సరిసమానముగ మార్కులు వేసితిమి. రెండర్థములును నేడు భాషలో నున్నవి గదా. కాని యింటిపనిగ అందఱికి ఒక ప్రశ్న నిచ్చితిమి: మీ యింటను గాని, మీ యూరను గాని పాతర యెచ్చట నుండెను, దానిలోనికి ఎవరు దిగెడివారు, పెద్దల నడిగి వ్రాసికొని రండు. మఱునాడు చాలమంది మొదటి సగమునకే జవాబు తెచ్చిరి. మాకు 'నాశనము' అని వ్రాసి యిచ్చిన బాలుడే తమ వాకిట బట్టలుదుకు బండ క్రింద పాతర యున్నదనియు, వానకాలమున అచ్చట నేల క్రుంగుచుండగా ఎందులకో ఇంతకాలము తమకు తెలియలేదనియు చెప్పెను. దిగిన దెవరని మే మడిగితిమి. నాయనమ్మ పేరు చెప్పలేదట. "మాదిగోళ్ల పెద్దాయన ఒకాయన" అని మాత్రము చెప్పినదట.

ఆ పెద్దాయన పేరు కనుగొని వ్రాసికొని రమ్మని ఆ బాలుని మరల పంపితిమి. పాఠకులును తమ యింట అడిగి చూతురుగాక.